అఖాతం ఒడ్డున కాపురం: నీటిని కాపాడుకుంటూ హాయిగా ఉండడం ఎలా

సముద్రం పెద్దది కదా, ఏం కలిపినా కలిసిపోతుందన్న నమ్మకం అఖాతం దగ్గర చెల్లదు. చాలా వైపుల నేల చుట్టుకుని, ఒక్క వైపే సముద్రానికి తెరుచుకున్న నీరు అది. ఆటు సమయంలో కొంత నీరు ముఖద్వారం దాటి బయటకు వెళ్తుంది, పోటు వచ్చేసరికి అందులో కొంత మళ్ళీ లోపలికే తిరిగి వస్తుంది. అందువల్ల ఒడ్డు నుంచి జారిన మురికి రోజుల తరబడి, కొన్ని అఖాతాలలో వారాలూ నెలలూ కూడా, అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది. అమెరికాలోని చెసపీక్ అఖాతం సగటు లోతు ఆరున్నర మీటర్లు దాటదు. దానిలోకి వాననీటిని పంపే పరీవాహక ప్రాంతం మాత్రం సుమారు 1,66,000 చదరపు కిలోమీటర్లు. ఆరు రాష్ట్రాల నేలను కడిగిన నీరు ఒక పలుచటి పళ్ళెంలోకి చేరుతోందన్నమాట.

అఖాతాన్ని బాగుచేయాలనుకున్నవారు సాధారణంగా ఒడ్డున చెత్త ఏరడంతో మొదలుపెడతారు. అది చేయవలసిన పనే. అయితే అఖాతాన్ని ఎక్కువగా దెబ్బతీసేది కంటికి కనిపించే చెత్త కాదు, నీటిలో కరిగి కనిపించకుండా వచ్చే నత్రజని. అది వచ్చే దారి మన మరుగుదొడ్డి, మన పెరడు, మన వీధి కాలువ. కాబట్టి ఈ పనులను ఇంటి లోపలి నుంచి ఒడ్డు వైపుకు, ఒడ్డు నుంచి నీటిలోకి, అదే వరుసలో చేయమని చెబుతున్నాను.

మొదటి పని: వానలో ఒకసారి నడవండి

మీ ఇంటి నీరు ఎక్కడికి పోతోందో తెలియకుండా ఏ జాగ్రత్త తీసుకున్నా గుడ్డిగా తీసుకున్నట్టే. కొన్నాళ్ళు ఎండ కాసిన తర్వాత వచ్చే మొదటి మంచి వానకు, ఉరుములు మెరుపులు లేవని చూసుకుని, గొడుగు పట్టుకుని బయలుదేరండి. మీ చూరు నుంచి పడే నీటి ధారతో మొదలుపెట్టి, అది వాకిలి దాటి, వీధి పక్క కాలువలో పడి, తూము గుండా అఖాతంలో కలిసే దాకా దాని వెంటే వెళ్ళండి. చూరు దగ్గర ఆ నీరు తేటగానే ఉంటుంది. బండి నిలిపే చోటుకు వచ్చేసరికి దాని మీద ఇంద్రధనుస్సు రంగుల్లో నూనె పొర సాగుతుంది. తవ్వి వదిలేసిన మట్టికుప్ప దగ్గర ఎర్రబడుతుంది. బట్టలు ఉతికిన నీళ్ళు కలిసే మూల దగ్గర బూడిదరంగు నురగ కడుతుంది. కుక్కల మలం, ఎండుటాకులు, సిగరెట్ పీకలు వరుసగా తోడవుతాయి. చివరికి తూము నోటి దగ్గర నిలబడితే, అఖాతపు నీటి మీద విసనకర్రలా విచ్చుకుంటున్న గోధుమరంగు మరక కనిపిస్తుంది. తొలి అరగంట నీరే ఎక్కువ మురికిగా ఉంటుంది. ఎన్ని వారాలుగానో నేల మీద పేరుకున్నదంతా అప్పుడే కొట్టుకువస్తుంది.

ఇంటికి రాగానే ఒక కాగితం మీద ఆ దారిని గీసుకుని, నీరు రంగు మారిన ప్రతి చోటా ఒక గుర్తు పెట్టండి. ఇకమీద చేయబోయే పనులన్నీ ఆ గుర్తుల దగ్గర చేసేవే.

రెండవ పని: మరుగునీటి సంగతి తేల్చుకోండి

దీనికే ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు కేటాయించండి. ఒక మనిషి విసర్జించే దానిలో ఏడాదికి 4 నుంచి 5 కిలోల నత్రజని ఉంటుంది, అందులో ఎక్కువ భాగం మూత్రంలోనే. నత్రజని మొక్కలకు ఆహారం. ఉప్పునీటిలో సాధారణంగా దానికే కొరత ఉంటుంది గనుక, అది దొరికిన వెంటనే కంటికి కనిపించనంత చిన్న నాచు విపరీతంగా పెరుగుతుంది. నీరు పచ్చగానో గోధుమరంగుగానో మసకబారి, అడుగున ఉన్న సముద్రపు గడ్డికి వెలుతురు అందదు. తర్వాత ఆ నాచు చచ్చి అడుగుకు చేరి కుళ్ళుతుంది. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడేస్తాయి. అది లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపలు పారిపోతాయి, పారిపోలేనివి చచ్చిపోతాయి. గాలి ఆడని వేసవి తెల్లవారుజామున ఒడ్డుకు తేలిన చేపలను చూసి ఎవరో విషం కలిపారని జనం అనుకుంటారు. విషం కలవలేదని చెప్పడానికి లేదు గానీ, చాలా సందర్భాలలో జరిగింది ఊపిరాడకపోవడమే.

మీ ఇంటికి సెప్టిక్ ట్యాంక్ ఉంటే ముందుగా ఒక విషయం గ్రహించాలి. మామూలు సెప్టిక్ ట్యాంక్ మడ్డిని అడుగున ఆపుతుంది, తెట్టును పైన ఆపుతుంది, బయటి నేల క్రిములలో చాలావాటిని వడకడుతుంది. నత్రజనిని మాత్రం అది పెద్దగా ఆపలేదు. అది నైట్రేట్‌గా మారి భూగర్భ జలంతో పాటు నెమ్మదిగా నడిచి అఖాతంలో తేలుతుంది. అమెరికాలోని కేప్ కాడ్ ద్వీపకల్పంలో అఖాతాలూ నదీముఖాలూ పాడవడానికి ప్రధాన కారణం కర్మాగారాలు కాదు, ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులేనని తేలింది. అక్కడ ఎవరూ ఏ తప్పూ చేయలేదు, అందరూ నిబంధనల ప్రకారమే కట్టుకున్నారు. ఇళ్ళు ఎక్కువైనాయి, అంతే.

అందుచేత మీరు చేయవలసింది ఇది. ట్యాంక్ ఎక్కడ ఉందో, దాని నుంచి వెళ్ళే నీరు ఎక్కడ ఇంకుతోందో కనుక్కోండి. ఇల్లు కొన్నవారిలో చాలామందికి ఇది తెలియదు. మూడు నుంచి ఐదేళ్ళకు ఒకసారి మడ్డి తీయించండి, తీసినవారు దానిని ఎక్కడ పోస్తున్నారో అడగండి, ఎందుకంటే రాత్రిపూట వాగులో పోసి వెళ్ళిపోతే మీరు డబ్బు పెట్టి అఖాతంలో పోయించినట్టే. నీరు ఇంకే చోట బండి నిలపకండి, చెట్లు నాటకండి. అక్కడ నేల ఎప్పుడూ చిత్తడిగా ఉన్నా, అక్కడి గడ్డి మిగిలిన పెరటి కంటే మరీ పచ్చగా పెరుగుతున్నా, వ్యవస్థ పొంగుతోందని అర్థం. కొత్తగా కట్టేవారు నత్రజనిని కూడా తొలగించే రకం వ్యవస్థను, నీటి అంచుకు వీలైనంత దూరంగా పెట్టించుకోవాలి. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న చోట మాత్రం ఎవరి ట్యాంక్ వారు చూసుకుంటే సరిపోదు, అందరికీ కలిపి శుద్ధి కేంద్రం కావాలని అడగాలి.

ఇది ఫలిస్తుందా అని సందేహించేవారికి ఫ్లోరిడాలోని టాంపా అఖాతం సమాధానం చెబుతుంది. 1980ల ఆరంభానికి అక్కడి సముద్రపు గడ్డిలో దాదాపు సగం నశించింది. 1970లలో చేసిన చట్టాల వల్ల మురుగునీటిలోని నత్రజనిని బాగా తగ్గించాకే వదలవలసి వచ్చింది. నీరు మెల్లగా తేటపడింది. గడ్డి ఏటేటా కొంచెం కొంచెంగా తిరిగి వచ్చి 2016 నాటికి 41,000 ఎకరాలు దాటింది, అంటే 1950లలో ఉన్నంత. తర్వాత అందులో 10,000 ఎకరాలకు పైగా 2022 నాటికి మళ్ళీ పోయింది. ఒకసారి బాగుచేసి వదిలేయడం కుదరదని కూడా అదే అఖాతం చెబుతోంది.

మూడవ పని: వాననీటిని మీ పెరట్లోనే ఆపండి

లెక్క చిన్నదే. 100 చదరపు మీటర్ల పైకప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్ల నీరు. దానిని నేరుగా వీధి కాలువలోకి వదిలితే, దారిలోని మురికినంతా మోసుకుపోయే వాహనాన్ని మీరే పంపినట్టు. చూరు గొట్టాన్ని కాలువ వైపు నుంచి మొక్కల వైపుకు తిప్పండి. చాలా ఇళ్ళలో ఈ పనికి ఒక వంపు గొట్టం, ఒక పూట సమయం చాలు.

తీరంలో ఒక చిక్కు ఉంది. లోతట్టు ప్రాంతాలలో లాగా లోతైన ఇంకుడు గుంత తవ్వితే, నీటిమట్టం పైపైనే ఉన్న చోట అది భూగర్భ జలంతోనే నిండి ఊరుకుంటుంది. కాబట్టి తవ్వేముందు వానాకాలంలో ఒక చేతి గొయ్యి తీసి, నీరు ఎంత లోతులో ఊరుతోందో చూడండి. నీరు దగ్గర్లోనే ఉంటే గొయ్యి వద్దు, జానెడు లోతున వెడల్పుగా పల్లం చేసి, తడినీ ఎండనూ తట్టుకునే స్థానిక మొక్కలు దట్టంగా నాటండి. వాన వెలిసిన ఒకటి రెండు రోజులలో ఆ పల్లం ఆరిపోవాలి. ఆరకపోతే దోమలకు ఇల్లు కట్టినట్టే. అప్పుడు దానిని ఇంకా వెడల్పు చేసి లోతు తగ్గించాలి.

పెరటికి ఎరువు వేయడం తప్పదనుకుంటే వానాకాలంలో మాత్రం వేయకండి. టాంపా అఖాతం ఒడ్డునే ఉన్న పినెలస్ కౌంటీలో జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా పచ్చికకు నత్రజని ఎరువు వేయడం నిషేధం. ఎప్పుడు వేసినా, తక్కువగా, మొక్క మొదట్లో, వాన సూచన లేని రోజున వేయాలి. పచ్చిక మీద చిమ్మిన ఎరువు గింజలు నడకదారి మీద పడితే తిరిగి లోపలికి ఊడ్చండి, నీళ్ళు కొట్టి కడగకండి. పెంపుడు కుక్క మలాన్ని తీసి చెత్తలో వేయడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

మందులు, రంగుల డబ్బాల అడుగున మిగిలినవి, బండి నుంచి తీసిన పాత ఆయిల్, పాదరసం ఉన్న థర్మామీటర్లు, ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు ఏ కాలువలోకీ వెళ్ళకూడదు. జపాన్‌లోని మినమాటా అఖాతంలోకి ఒక రసాయన కర్మాగారం 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన నీటిని వదిలింది. నీరు చూడడానికి బాగానే ఉండేది. పాదరసం చేపలలో, చిప్పలలో పేరుకుని వాటిని తిన్నవారి నరాలను దెబ్బతీసింది. 1956లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించేసరికి ఎన్నో కుటుంబాలు చితికిపోయాయి, తల్లుల కడుపులోని పిల్లలకూ అది సోకింది. ఒక ఇంటి థర్మామీటరు కర్మాగారంతో సమానం కాదు, నిజమే. కానీ అఖాతంలో వేసినది చెదిరిపోకుండా జీవుల ఒంట్లో కూడుకుంటుందన్న సంగతి రెండింటికీ ఒక్కటే.

నాలుగవ పని: ఒడ్డును ఒడ్డుగా ఉండనివ్వండి

ఒడ్డు కోసుకుపోతుంటే ఎవరికైనా మొదట తోచేది గోడ. నిలువు గోడకు తగిలిన అల తన బలం కోల్పోకుండా వెనక్కి తన్ని, గోడ మొదట్లోని ఇసుకను తవ్వుతుంది. కొన్నేళ్ళకు గోడ ముందు తీరం పలుచబడుతుంది, గోడ ఆగిపోయిన చోట పక్కవారి ఒడ్డు మరింత వేగంగా కోసుకుపోతుంది. పక్కవారూ గోడ కడతారు. అలా అఖాతం చుట్టూ కాంక్రీటు అంచు పెరిగి, చేపపిల్లలు తలదాచుకునే లోతు తక్కువ నీళ్ళే లేకుండా పోతాయి. 2011లో ఐరీన్ తుఫాను తర్వాత నార్త్ కరొలైనా తీరంలో పరిశీలించినప్పుడు చాలా గోడలు దెబ్బతిని కనిపించాయి. ఉప్పుగడ్డి మడులు ఉన్న చోట మాత్రం నేల ఎత్తు మారలేదు, పడిపోయిన గడ్డి ఏడాది తిరిగేసరికి మళ్ళీ మొలిచింది.

కాబట్టి అలలు మరీ పెద్దవి కాని ఒడ్డున గడ్డినో, మడ చెట్లనో పెంచండి. వాటి ముందు ఆల్చిప్పల గుల్లలు నింపిన సంచులో, తక్కువ ఎత్తున రాతి వరుసో పెడితే, మొలకలు నిలదొక్కుకునే దాకా అలల విసురు తగ్గుతుంది. ఒడ్డు మీద ఏ పనికైనా ముందుగా అనుమతి అవసరమా అని విచారించండి. పెద్ద అలలు సూటిగా తగిలే చోట, లేదా ఇల్లు అంచుకు మరీ దగ్గరగా ఉన్న చోట మొక్కలతోనే పని జరగదు, అక్కడ తీర నిర్మాణం తెలిసిన ఇంజనీరును అడగవలసిందే.

ఒడ్డుకు కొట్టుకువచ్చి ఎండిన సముద్రపు గడ్డిని చెత్త అనుకుని ఊడ్చేయకండి. వాసన వేస్తుంది, చూడడానికి బాగుండదు, ఒప్పుకుంటాను. కానీ ఒక కట్టను చేతితో ఎత్తి చూడండి, కింద తడి ఇసుకలో చిన్న చిన్న రొయ్యల వంటి జీవులు పదుల కొద్దీ ఎగిరిపడతాయి. వాటి కోసమే తీరపు పక్షులు తెల్లవారేసరికి వస్తాయి. ఆ గడ్డి ఇసుకను కూడా గాలికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. అందులో చిక్కుకున్న ప్లాస్టిక్‌ను చేతితో ఏరి, గడ్డిని అక్కడే వదలండి.

సముద్రం వైపు ఉన్న దీపాలు కిందికి మాత్రమే వెలుగు పడేలా, పసుపు ఛాయలో, అవసరమైనంత సేపే ఉండాలి. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరమైతే పిల్లలు గుడ్ల నుంచి బయటికి వచ్చే కాలంలో ఆ దీపాలను పూర్తిగా ఆర్పేయడమే సరి.

ఐదవ పని: పడవ ఉన్నవారికి

అఖాతంలోకి వెళ్ళేముందు అడుగున గడ్డి ఎక్కడ ఉందో తెలుసుకోండి. లోతు తక్కువ నీటిలో ముదురు రంగు మచ్చలుగా కనిపించేవి ఎక్కువగా గడ్డి మడులే. లంగరును లేతరంగు ఇసుక మీద వేయండి. గడ్డి మీద పడవ కూర్చుండిపోతే ఇంజన్ జోరు పెంచి బయటపడాలని చూడకండి, ప్రొపెల్లర్ గడ్డిని వేళ్ళతో సహా కోసి చాలు తీస్తుంది, ఆ గాయం మానడానికి ఏళ్ళు పడుతుంది. ఇంజన్ ఆపి పైకెత్తి, గడకర్రతో నెట్టుకోండి, లేదా పోటు వచ్చేదాకా ఆగండి.

పడవ అడుగున చేరిన నీటిలో నూనె ఉంటే దానిని పీల్చే గుడ్డతో అద్ది తీశాకే నీరు తోడాలి. సబ్బు పోస్తే నూనె పోయినట్టు కనిపిస్తుంది గానీ, అది చిన్న బిందువులై నీటిలోకే దిగి జీవులకు ఇంకా దగ్గరవుతుంది. అడుగుకు వేసే రంగు విషయంలో అశ్రద్ధ కూడదు. ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో 1970ల చివర ఆల్చిప్పల సాగు కుప్పకూలింది. చిప్పలు వంకర తిరిగి మందమెక్కాయి, పిల్లలు నిలవలేదు. కారణం పడవలకు నాచు పట్టకుండా పూసే రంగులోని తగరపు సమ్మేళనం. 1982లో ఫ్రాన్స్ చిన్న పడవలకు ఆ రంగును నిషేధించింది, ఆ తర్వాత చిప్పలు కోలుకున్నాయి. ఆ రకం రంగుల మీద అంతర్జాతీయ నిషేధం 2008లో అమలులోకి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వాడే రాగి రంగులు కూడా నీటి జీవులకు విషమే గనుక, పడవను గోకడం, రంగు వేయడం ఒడ్డుకు లాగి, కింద పట్టా పరిచి, రాలిన పెచ్చులన్నీ ఎత్తి చేయాలి. తెగిన వలను నీటిలో వదిలితే ఎవరూ లాగకపోయినా అది చేపలనూ పీతలనూ పట్టి చంపుతూనే ఉంటుంది. ముక్క కూడా వదలకుండా ఒడ్డుకు తెండి.

ఆరవ పని: మీ ఒంటినీ ఇంటినీ కాపాడుకోండి

అఖాతంతో బాగా బతకడమంటే ఎప్పుడు దానికి దూరంగా ఉండాలో తెలియడం కూడా. పెద్ద వాన తర్వాత మూడు రోజులు ఈతకు దిగకండి, పిల్లలను తూముల దగ్గర అసలే ఆడనివ్వకండి. మొదటి పనిలో మీరు చూసిన ఆ గోధుమరంగు మరకలో ఏమేమి ఉన్నాయో మీకు తెలుసు. వెచ్చటి, ఉప్పు తక్కువ నీటిలో విబ్రియో జాతి బ్యాక్టీరియా సహజంగానే ఉంటుంది. తెరిచిన గాయంతో ఆ నీటిలోకి దిగకూడదు. కాలేయం జబ్బు ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. నీటిలో గీసుకుంటే వెంటనే మంచినీటితో, సబ్బుతో కడగండి. కొన్ని గంటలలోనే వాపు, మంట పెరుగుతూ పోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి, ఉప్పునీటిలో గాయమైందని చెప్పండి.

ఆల్చిప్పలు నీటిని వడకట్టి బతుకుతాయి. పెద్ద చిప్ప ఒకటి అనుకూలమైన వెచ్చటి నీటిలో రోజుకు 190 లీటర్ల దాకా వడకడుతుంది. అఖాతానికి అవి చేసే మేలు అదే. అవే మనకు ప్రమాదం కావడానికి కారణమూ అదే, నీటిలో ఉన్న విషం వాటిలో కూడుకుంటుంది. నీరు ఎర్రబారినప్పుడు, లేదా సేకరణ ఆపమని హెచ్చరిక ఉన్నప్పుడు, వాటిని ఎంత సేపు ఉడికించినా ప్రయోజనం లేదు. నాచు వల్ల వచ్చే పక్షవాతపు విషం వేడికి చావదు.

బావి లేదా బోరు ఉన్నవారు ఒక నియమం గుర్తుంచుకోవాలి. తీరపు నేల కింద మంచినీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టం కంటే ఒక మీటరు ఎత్తున మంచినీరు ఉంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా అది నిలుస్తుంది. తోడి తోడి పై మట్టాన్ని ఒక్క మీటరు దించితే, కింది నుంచి ఉప్పునీరు కాలక్రమంలో 40 మీటర్లు పైకి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్ళీ మంచినీటి బావి కావడానికి చాలా ఏళ్ళు కావాలి. అందుకే పెద్ద మోటారుతో గంటసేపు లాగడం కంటే చిన్న మోటారుతో నెమ్మదిగా, అవసరమైనంతే తోడడం మేలు. మూడవ పనిలో నేలలోకి ఇంకించిన వాననీరు ఇక్కడ మీకే పనికొస్తుంది.

ఆటుపోట్ల పట్టికను ఇంట్లో గోడకు అంటించుకోండి. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎత్తుగా ఉంటుంది. అదే రోజున తుఫాను తీరం దాటితే ఉప్పెన దాని మీద కూర్చుంటుంది. లోపలికి పోయే కొద్దీ ఇరుకయ్యే అఖాతంలో నీరు మరింత పైకి లేస్తుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో మామూలు పోటే 16 మీటర్ల దాకా లేవడంలో దాని ఆకారానికి పెద్ద పాత్ర ఉంది. ఖాళీ చేయమన్నప్పుడు గాలి ఎలా ఉందో చూసి నిర్ణయించుకోవద్దు, గాలి కంటే నీరే ఎక్కువమందిని చంపుతుంది. భూమి గట్టిగా కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గినా, హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా ఎత్తైన చోటుకు నడవండి.

ఏడవ పని: కొలవండి, రాసిపెట్టండి, నలుగురితో పంచుకోండి

మీ అఖాతం మెరుగవుతోందో క్షీణిస్తోందో జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పలేరు. ప్రతి తరం తాను చిన్నప్పుడు చూసినదే సహజస్థితి అనుకుంటుందని మత్స్యశాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో రాశారు. అందువల్ల ముందుగా మీ ఒడ్డున ఉన్న పెద్దవారి దగ్గర, ముఖ్యంగా చేపల వేటే జీవితంగా గడిపినవారి దగ్గర కూర్చోండి. ఏ మూల అడుగు కనిపించేది, ఏ చేప ఏ నెలలో వచ్చేది, గడ్డి ఎక్కడి దాకా ఉండేదని అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. వేటకు వెళ్ళేవారి పడవలు నిలిపే చోటు, ఒడ్డుకు దిగే దారి ఎవరి ప్రహరీ లోపలికీ పోకుండా చూడడం కూడా కొత్తగా వచ్చి స్థిరపడినవారి బాధ్యత. అఖాతం బాగోగులు రోజూ కనిపెట్టేది ఆ వేటకు వెళ్ళేవారే.

పై నుంచి వచ్చే నీటి సంగతికి వస్తే, జపాన్‌లోని కెసెన్నుమా అఖాతంలో ఆల్చిప్పలు పెంచేవారు 1989లో తమ అఖాతంలో కలిసే నది ఎగువకు వెళ్ళి కొండల మీద చెట్లు నాటడం మొదలుపెట్టారు. అఖాతం బాగుండాలంటే అడవి బాగుండాలని వారు గ్రహించారు. మీ అఖాతంలోకి వాగు గానీ నది గానీ వస్తుంటే, దాని ఎగువన ఉన్నవారితో పరిచయం పెంచుకోండి. వారిని తప్పుపట్టడానికి వెళ్తే పని జరగదు, కలిసి నాటడానికి వెళ్తే జరుగుతుంది.

ఇక కొలిచే పరికరం. ఇటలీకి చెందిన ఖగోళశాస్త్రవేత్త ఏంజెలో సెక్కీ 1865లో మధ్యధరా సముద్రంలో ఒక తెల్లటి బిళ్ళను నీటిలోకి దించి, అది ఎంత లోతులో మాయమవుతుందో కొలిచారు. ఇప్పటికీ నీటి తేటదనాన్ని అలాగే కొలుస్తున్నారు. 20 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న గుండ్రటి రేకునో పళ్ళాన్నో తీసుకుని, నాలుగు భాగాలు చేసి ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేయండి. నడిమధ్య రంధ్రం చేసి, కింద ఒక బరువు, పైన సాగని తాడు కట్టి, తాడుకు 10 సెంటీమీటర్లకు ఒక గుర్తు పెట్టండి. ఉదయం పదింటికీ మధ్యాహ్నం మూడింటికీ నడుమ, పడవకో వంతెనకో నీడ పడే వైపు నిలబడి, చలువ కళ్ళద్దాలు తీసేసి, బిళ్ళను మెల్లగా దించండి. అది మాయమైన చోట తాడు మీద గుర్తు చూసుకోండి. మరికొంచెం దించి పైకి లాగుతూ మళ్ళీ కనిపించిన చోట చూసుకోండి. రెండింటి సగటే ఆ రోజు లెక్క.

ప్రతిసారీ అదే చోట, రెండు వారాలకు ఒకసారి కొలిచి, తేదీ, సమయం, ఆటా పోటా, గత మూడు రోజులలో వాన పడిందా అన్నవి పక్కనే రాయండి. ఇవి లేకపోతే అంకెలకు అర్థం ఉండదు, ఎందుకంటే పోటు నీరు సాధారణంగా ఆటు నీటి కంటే తేటగా కనిపిస్తుంది. అఖాతానికి నాలుగు మూలలా నలుగురు ఇళ్ళవారు ఒకే రోజున కొలిస్తే మురికి ఏ వైపు నుంచి వస్తోందో ఏడాదిలోనే తెలుస్తుంది. మురుగు శుద్ధి గురించి, ఎరువుల గురించి బహిరంగ విచారణ జరిగినప్పుడు ఆ పుస్తకం తీసుకుని వెళ్ళండి. గొంతు పెంచి చెప్పిన మాట కంటే రెండేళ్ళ లెక్కకు ఎక్కువ విలువ ఉంటుంది.

ఒక్కొక్క రోజు బిళ్ళ మాయం కాకుండానే అడుగుకు తగులుతుంది. అప్పుడు లోతు రాసి, దాని పక్కన ‘అడుగు తాకింది’ అని రాయండి. తాడు వెంటనే లాగకుండా కాసేపు అలాగే ఉంచి, బిళ్ళ చుట్టూ ఏముందో చూడండి. బురదా, ఇసుకా, లేక గడ్డి మొలకలా అన్నది కూడా అదే వరుసలో రాయండి.